పగడపు దీవిలో ఏడో నెల: బావి నీరు ఉప్పెక్కింది, బట్టలకు బూజు పట్టింది, స్థిరపడడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తతీరం

మా కుటుంబం ఈ దీవికి వచ్చి ఏడు నెలలు నిండాయి. నా భర్తది పగడపు దిబ్బల పరిశోధనకు సంబంధించిన ఉద్యోగం, నాలుగేళ్ల ఒప్పందం. మాకు తొమ్మిదేళ్ల పాప ఉంది. దీవి ఎంత చిన్నదంటే, ఎక్కడ నిలబడినా రెండు వైపుల నుంచీ సముద్రపు హోరు వినిపిస్తుంది. సరుకుల ఓడ నెలకొకసారి వస్తుంది, గాలి అనుకూలంగా లేకపోతే అదీ రాదు.

మొదటి మూడు నెలలూ పండుగలా గడిచాయి. నాలుగో నెల నుంచి ఒక్కొక్కటే బయటపడసాగింది. మేము వచ్చినప్పుడు తియ్యగా ఉన్న బావి నీరు ఇప్పుడు నోట్లో పోసుకోగానే ఉప్పు తెలుస్తోంది. బీరువాలో మడిచిపెట్టిన బట్టల మీద, పుస్తకాల అట్టల మీద, చివరకు పాప బడి సంచి మీద కూడా బూజు పట్టింది. పొయ్యి కాళ్లు తుప్పుపట్టి విరిగిపోయాయి. ఇవన్నీ ఒక ఎత్తయితే, రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మరొక ఎత్తు. ఆరింటికి తెల్లవారుతుంది, ఆరింటికి చీకటి పడుతుంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. ఇరుగుపొరుగు వారు నవ్వుతూ పలకరిస్తారు గాని గడప దాటి లోపలికి రారు, మమ్మల్ని తమ ఇళ్లకు పిలవరు. మేము ఏదైనా తప్పు చేశామా అన్న అనుమానం నన్ను పీడిస్తోంది.

ఇది చాలదన్నట్టు, మాకు ఇల్లు అద్దెకిచ్చిన పెద్దమనిషి పక్కనున్న స్థలం కొనుక్కోమని అడుగుతున్నారు. ఇక్కడ నిలదొక్కుకోవాలన్న కోరిక మాకు నిజంగా ఉంది. అనుభవం ఉన్నవారు దేనితో మొదలుపెట్టమంటారో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

వానతొట్టి

నీటితో మొదలుపెట్టండి. చిన్న దీవుల నీటి సరఫరా పనిలో నేను పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. నీటి సంగతి తేలేవరకు మిగిలినవి ఏవీ తేలవని నా నమ్మకం.

మీ బావిలోని ఉప్పు కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు, అది ఎప్పుడూ మీ కాళ్ల కిందే ఉంది. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్లు బరువు. అందువల్ల పగడపు ఇసుకలోకి ఇంకిన వాన నీరు, కిందనున్న ఉప్పునీటి మీద తేలుతూ, దీవి మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా, భూతద్దం ఆకారంలో నిలుస్తుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల మంచినీరు ఉంటుందని 19వ శతాబ్దం చివర గైబెన్, 1901లో హెర్జ్‌బర్గ్ అనే ఇంజినీర్లు విడివిడిగా లెక్కగట్టారు. చిన్న దీవుల్లో ఈ లెక్క పూర్తిగా నిలవదు, ఎందుకంటే పోటుపాట్ల కదలికకు రెండు నీళ్లూ కలిసిన పొర ఒకటి మధ్యలో మందంగా ఏర్పడుతుంది. కాని ఆ లెక్క చేసే హెచ్చరిక మాత్రం నిలుస్తుంది. పైన నీటిమట్టం జానెడు తగ్గితే, కింద ఉప్పునీరు దానికి ఎన్నో రెట్లు పైకి లేస్తుంది. సముద్రపు నీరు నూటికి రెండు పాళ్లు కలిసినా చాలు, నాలుకకు ఉప్పు తెలుస్తుంది.

నాలుగు విషయాలు చెప్పండి. మీ బావిలో ఏ మోటారు ఉంది, దాన్ని ఎంతసేపు నడుపుతున్నారు, మరుగుదొడ్డి గొయ్యి బావికి ఎంత దూరంలో ఉంది, మంచి వాన పడి ఎన్నాళ్లయింది?

కొత్తతీరం

వానతొట్టి గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మాది ఒక హార్స్‌పవర్ మోటారు. ఉదయం రెండు గంటలు నడిపి, రెండు వేల లీటర్ల తొట్టి ఒకేసారి నింపుకుంటాము. మంచి వాన పడి పదకొండు వారాలైంది. మరుగుదొడ్డి గొయ్యి బావికి పది అడుగుల దూరంలో ఉంది. కొలిచి చూసేదాకా అంత దగ్గరగా ఉందని నాకే తెలియదు.

వానతొట్టి

అమ్మా, ఉప్పు కంటే మీరు చివర చెప్పిన మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మట్టి నేలలో మురుగు నెమ్మదిగా వడపోతకు గురవుతుంది, పగడపు ఇసుకలో ఆ వడపోత దాదాపు ఉండదు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని, మురుగు నుంచి చేరే నైట్రేట్లనే లవణాలు పోవు, ఉప్పూ పోదు. ఈ రోజు నుంచే ఆ బావి నీటిని తాగడానికి, వంటకు వాడకండి. బట్టలకు, స్నానానికి, మొక్కలకు మాత్రమే ఉంచండి.

ఉప్పు విషయానికి వస్తే, పెద్ద మోటారుతో రెండు గంటల్లో తోడేయడమే అసలు ఇబ్బంది. ఒకే చోట గబగబా లాగితే, మోటారు కింద ఉప్పునీరు శంకువులా పైకి పొడుచుకొస్తుంది. అన్ని నీళ్లనే చిన్న మోటారుతో రోజంతా నిదానంగా, నీటి పైపొర నుంచి మాత్రమే తీసుకుంటే అంత లేవదు. పసిఫిక్ సముద్రంలోని కిరిబతి దేశంలో, దక్షిణ తరావా అనే చోట ఊరి నీటి సరఫరాకు లోతైన బావులు తవ్వలేదు. బోన్‌రికి అనే చోట నీటిమట్టానికి కొద్దిగా కిందుగా రంధ్రాల గొట్టాలను నేలకు సమాంతరంగా పరిచి, మంచినీటి పొరను పైపైన మీగడ తీసినట్టు తీసుకుంటారు. మీరు అంత చేయలేకపోవచ్చు. మోటారు గొట్టం చివరను పైకి జరపడం మాత్రం ఒక పూట పని.

తాగడానికి వాన నీటిని నమ్ముకోవాలి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల జల్లు కురిస్తే, చిందినవీ ఆవిరైనవీ పోగా ఎనిమిది వందల లీటర్లు తొట్టిలో పడతాయి. ముగ్గురు మనుషులు తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికి మనిషికి ఇరవై లీటర్ల చొప్పున తొంభై రోజుల కరువుకు 5,400 లీటర్లు నిల్వ ఉండాలి. మీ తొట్టి అందులో సగం కూడా లేదు. తొలి వానకు కప్పు మీది పిట్టల రెట్ట, ఉప్పు, ఆకులు కొట్టుకొస్తాయి కాబట్టి, చదరపు మీటరుకు కనీసం ఒక లీటరు చొప్పున ఆ నీటిని బయటికి వదిలేసే గొట్టం ఒకటి పెట్టించండి. బెర్ముడా ఉష్ణమండలంలో లేదు గాని, అక్కడి ఇళ్ల తెల్లని మెట్ల కప్పులు వాన నీటిని పట్టడానికే కట్టినవి. ఇళ్లు అలా నీరు పట్టుకోవాలన్నది అక్కడ చట్టం కూడా.

ఉప్పు తీసే యంత్రం ఉంటే చాలదా అని అడిగేవారికి మాల్దీవుల రాజధాని మాలే సంగతి చెబుతాను. 2014 డిసెంబరులో అక్కడి నీటి శుద్ధి కేంద్రంలో మంటలు లేచి, లక్ష మందికి పైగా జనానికి కొళాయి ఎండిపోయింది. భారతదేశం విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. ఏ దీవిలోనైనా నీటికి రెండో దారి ఉండి తీరాలి.

తీరవైద్యం

నేను ఒక దీవి ఆరోగ్య కేంద్రంలో నర్సును. వానతొట్టి గారు చెప్పిన తొట్టికి నా వైపు నుంచి ఒక షరతు ఉంది: మూత, గొట్టాల నోళ్లు, పొర్లు గొట్టం, అన్నిటికీ సన్నని జాలీ బిగించనిదే ఆ తొట్టి నింపవద్దు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ మురుగు కంటే ఇలాంటి నిలవ మంచినీటినే ఇష్టపడుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వేడి ప్రాంతంలో వారం పది రోజులు చాలు. అందువల్ల కొబ్బరి చిప్పలు, కుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, పడవ అడుగున నిలిచిన నీళ్లు వారానికొకసారి ఒలకబోయడం ఇంటి పనుల్లో ఒకటి కావాలి. రీయూనియన్ దీవిలో 2005–06లో చికున్‌గున్యా వచ్చినప్పుడు జనాభాలో మూడోవంతు మంది మంచాన పడ్డారు. చిన్న దీవిలో రోగం ఒక ఇంటి దగ్గర ఆగదు.

పగడం గీసుకున్న గాయాన్ని చిన్నదని వదిలేయకండి. అందులో కంటికి కనిపించని తునకలు మిగిలిపోయి చీము పడుతుంది. మంచినీటితో, సబ్బుతో బాగా రుద్ది కడగాలి. చేపల విషయంలో దీవివారి మాటే ప్రమాణం. పగడపు దిబ్బల దగ్గర పెరిగే ఒక సూక్ష్మ నాచు నుంచి సిగువాటెరా అనే జబ్బు తెచ్చే విషం చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి చేరుతుంది. ఉడికించినా, గడ్డకట్టించినా ఆ విషం పోదు, రుచిలోనూ తెలియదు. అది సోకినవారికి చల్లని వస్తువు తాకితే కాలినట్టు ఉంటుంది. ఏ దిబ్బ దగ్గర ఏ చేప పట్టకూడదో పక్కింటి జాలరికి తెలుస్తుంది.

ఇప్పుడే కూర్చుని ఒక లెక్క వేసుకోండి. పాపకు అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పి వస్తే, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి ఎన్ని గంటల్లో చేరగలరు, ఏ పడవలో, ఎవరిని లేపాలి? జవాబు కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించండి. రోజూ వాడే మందులు ఒక ఓడ తప్పినా సరిపోయేటట్టు రెండు నెలలకు నిల్వ ఉంచండి.

ఉప్పుగాలి

బూజు, తుప్పు గురించి నేను రాస్తాను. దీవుల్లో ఇళ్ల మరమ్మతు నా వృత్తి.

అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలో ఉప్పు ఉంటుంది. అది గాలితో వచ్చి ఇనుము మీద పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి, వాన పడకపోయినా లోహం తడిగానే ఉంటుంది. వాన నేరుగా తగిలే చోటు కంటే, వాన తగలని చూరు కింద తుప్పు ముందు పడుతుంది, ఎందుకంటే అక్కడి ఉప్పును కడిగేది ఎవరూ లేరు. నెలకొకసారి తలుపు బందులు, కిటికీ గొళ్లేలు, సైకిలు, ఏసీ బయటి భాగం మంచినీటితో కడిగి తుడవండి. స్టీలు కొనేటప్పుడు 304 రకం కాక 316 రకం అడగండి. దానిలో నూటికి రెండు మూడు పాళ్లు మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును అదే ఎక్కువ కాలం తట్టుకుంటుంది.

ఇల్లు కట్టే ఆలోచన ఉంటే, తీరపు ఇసుకను కడగకుండా కాంక్రీటులో కలిపే మేస్త్రీని దగ్గరకు రానీయకండి. ఆ ఉప్పు లోపలి చువ్వలను తినేస్తుంది, తుప్పు ఉబ్బి శ్లాబును లోపలి నుంచి పగలగొడుతుంది. పైకి గిలాబా నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. నేను పడగొట్టవలసి వచ్చిన ఇళ్లలో చాలా వాటి వయసు ఇరవై ఏళ్లు దాటలేదు. వాటి యజమానుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

బూజుకు మందు తలుపులు మూయడమే. ఒక గదికి కిటికీలన్నీ బిగించి, చెమ్మ లాగే యంత్రం పెట్టి, గాలిలో తేమ అరవై శాతం దాటకుండా చూసుకుంటే బట్టలు, పుస్తకాలు, కెమెరా, పాప బడి సంచి, అన్నీ బతుకుతాయి.

పడమటిగాలి

ఉప్పుగాలి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, తలుపులు మూయమన్న సలహాను నేను ఒప్పుకోలేకపోతున్నాను. నేను ఈ రకం దీవిలో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. డీజిల్ ఓడ ఆలస్యమైతే కరెంటు ఉండదు. కరెంటు లేని నాడు మూసిన ఆ గది మిగతా ఇంటి కంటే ముందే బూజు పట్టి కంపు కొడుతుంది. గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపుకు పోయే ఇల్లు, నేల నుంచి ఎత్తుగా కట్టిన గచ్చు, గోడ మీద వాన పడనివ్వని వెడల్పాటి చూరు, ఈ మూడూ ఉంటే యంత్రంతో పని లేదు. సామాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. బీరువా తలుపులు తీసి వాటికి బదులు పలచని తెర కట్టండి. బట్టలు తక్కువ ఉంచుకోండి, ఉన్నవాటిని మార్చి మార్చి తొడగండి. వాడుకలో ఉన్న బట్టకు బూజు పట్టడం నేను చూడలేదు.

ఉప్పుగాలి

పడమటిగాలి గారూ, మీరు చెప్పిన ఇల్లు ముందుగా ఆలోచించి కట్టుకున్నవారికి దొరుకుతుంది. కొత్తతీరం గారు ఉంటున్నది అద్దె ఇల్లు. అయినా కరెంటు గురించి మీరన్నది నిజం, నేను ఆ సంగతి వదిలేశాను. నా మాటను ఇలా సవరించుకుంటాను: గది మొత్తం మూయనక్కరలేదు. గట్టి రబ్బరు అంచున్న పెట్టె ఒకటి, అందులో చెమ్మ పీల్చే, ఎండబెట్టి మళ్లీ వాడుకునే సిలికా జెల్ సంచులు ఉంచి, పాడైతే తిరిగి దొరకని వస్తువులను అందులో దాచండి. మిగతా ఇంటిని గాలికి వదిలేయండి.

తుఫాను సంగతి కూడా చెప్పాలి. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపు తుఫానులు పుట్టడం చాలా అరుదు, భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మలుపు అక్కడ చాలదు. అరుదు అన్నానే గాని పుట్టవని అనలేదు. 2001 డిసెంబరులో వామెయి అనే టైఫూన్ ఒకటిన్నర డిగ్రీల దగ్గరే, సింగపూర్ సమీపంలో ఏర్పడింది. మీ దీవి పది డిగ్రీలు దాటి ఉంటే కప్పును గోడలకు, గోడలను పునాదికి లోహపు పట్టీలతో బిగించారో లేదో ఎక్కి చూడండి. గాలి కప్పును నొక్కదు, మూత తీసినట్టు పైకి లాగుతుంది. తుఫాను కన్ను మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగిపోతే బయటికి రాకండి, కాసేపటికి ఎదుటి దిక్కు నుంచి అదే వేగంతో మళ్లీ వస్తుంది. ప్యూర్టోరికోను 2017 సెప్టెంబరు 20న మరియా తుఫాను కొట్టాక, అందరి ఇళ్లకూ కరెంటు తిరిగి రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది.

తిరుగుపడవ

నేను మూడేళ్లు ఒక దీవిలో ఉండి తిరిగి వచ్చేసినవాడిని. ఈ చర్చలో అందరూ ఉండిపోయినవారే మాట్లాడుతున్నారు కాబట్టి నా మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

మేము నీటికి, ఇంటికి, తుఫానుకు అన్నీ సిద్ధం చేసుకున్నాం. నా భార్యకు మూడో ఏట రక్తపోటు ఉన్నట్టుండి పెరిగింది. ఆ వారం సముద్రం బాగా లేక పడవ కదలలేదు. ఐదు రోజులు ఆమె మంచం పక్కన కూర్చుని, ఎదురుగా నీలంగా మెరుస్తున్న నీటిని చూస్తూ గడిపాను. ఆమె కోలుకుంది. కాని ఆ తర్వాత ఆ సముద్రం నాకు మునుపటిలా కనిపించలేదు. మాది తప్పుడు నిర్ణయమని నేను అనుకోను, మూడేళ్లలో మాకు దక్కింది చాలా ఉంది. తిరిగి రావడాన్ని ఓటమిగా లెక్కపెట్టుకున్న మొదటి ఏడాది మాత్రం వృథాగా బాధపడ్డాను. కొత్తతీరం గారు తీరవైద్యం గారు చెప్పిన కాగితాన్ని ఈ రోజే రాయాలి. దానితో పాటు, ఏది జరిగితే తిరిగి వెళ్లాలో భార్యాభర్తలిద్దరూ మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మాట్లాడుకుని పెట్టుకోవాలి.

సరిహద్దురాయి

స్థలం కొనడం గురించి. చాలా దీవుల్లో మనం అనుకునే అర్థంలో భూమి అమ్మకానికి ఉండదు. వనువాటు 1980 రాజ్యాంగం ప్రకారం అక్కడి భూమి అంతా సంప్రదాయ యజమానులకూ వారి సంతతికీ చెందుతుంది. బయటివారికి దొరికేది కౌలు మాత్రమే, అదీ గరిష్ఠంగా 75 ఏళ్లకు. ఫిజీలో సుమారు 87 శాతం నేల స్థానిక వంశాల ఉమ్మడి ఆస్తి, దాన్ని అమ్మడానికి వీల్లేదు. అందువల్ల మీ ఇంటి యజమాని అమ్ముతానంటున్న నేలను అమ్మే హక్కు ఆయన ఒక్కరిదో, ఆయన వంశంలోని అందరిదో ముందు తెలుసుకోండి. ఆయనకు దురుద్దేశం ఉండకపోవచ్చు. ఒక అన్న అమ్మితే పదేళ్ల తర్వాత మరో తమ్ముడి పిల్లలు వచ్చి, కొబ్బరి చెట్టు తమ తాత నాటినదని చెప్పడం నేను ప్రత్యక్షంగా చూశాను, వారి మాటలోనూ న్యాయం ఉంది. మీ ఒప్పందం నాలుగేళ్లే కాబట్టి ఇప్పుడు కొనవద్దు.

మొగలిపొద

అందరూ పోయేవాటి గురించే రాశారు, నేను పెరిగేవాటి గురించి రాస్తాను.

పగడపు నేల సున్నపు నేల. క్షారగుణం ఎక్కువ కాబట్టి అందులో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, లేత ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. బయటి నుంచి మట్టి సంచులు తెప్పించకండి. మట్టితో పాటు చీమలు, నత్తలు, పురుగు గుడ్లు వస్తాయి. గువామ్ దీవికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకులతో పాటు చేరిన ఒక గోధుమరంగు చెట్టుపాము, అక్కడి అడవి పక్షులను దాదాపు అన్నిటినీ తుడిచిపెట్టింది. దీవికి మనం తెచ్చే ప్రతి విత్తనం విషయంలో ఆ భయం మనకు ఉండాలి.

కిరిబతి, టువాలు దీవుల వారు తరతరాలుగా ఒక పద్ధతి పాటిస్తున్నారు. ఇసుకను మంచినీటి పొర తగిలేవరకు గొయ్యిగా తవ్వి, అందులో ఆకులు కుళ్లబెట్టి ఎరువు చేసి, పెద్ద జాతి చేమను పెంచుతారు. ఒక గొయ్యి మీద ఒక కుటుంబం ఎన్నో తరాలు పనిచేస్తుంది. ఆ గొయ్యిలో ఉన్నది మట్టి అనుకోవడం నాకు చిన్నతనంగా తోస్తుంది, అది వాళ్ల తాతముత్తాతల చెమట. మీరు ఒక మూల చిన్న గుంటలో ఎండుటాకులు, కొబ్బరి పీచు, వంటింటి చెత్త వేయడం ఇవాళే మొదలుపెడితే, రెండో ఏటికి మీ చేతిలో నల్లని మట్టి ఉంటుంది. సముద్రం వైపు పొన్న, గంగరావి, మొగలి లాంటి ఉప్పుగాలికి ఓర్చుకునే చెట్లు ఉంటే ఒక్క కొమ్మ కూడా కొట్టనీయకండి. వాటి వెనుకే మీ కూరమొక్కలు బతుకుతాయి. మరుగుదొడ్డి గొయ్యికీ బావికీ మధ్య మాత్రం ఏ ఎరువు గుంటా వద్దు.

పడమటిగాలి

అమ్మా కొత్తతీరం, నీ మొదటి ఉత్తరంలో అందరూ దాటేసిన మాటొకటి ఉంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియడం లేదన్నావు. మొదటి ఏడాది నాకూ అదే జరిగింది. మనం రుతువులతో, పగటి నిడివితో రోజులు లెక్కపెట్టే అలవాటుతో వస్తాము. భూమధ్యరేఖకు పది డిగ్రీల దూరంలో ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటకు కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడి వారు రోజును సముద్రంతో కొలుస్తారు. పోటు ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమికి, అమావాస్యకు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, అష్టమి నాటికి ఆ కదలిక తగ్గిపోతుంది. గాలి ఏ నెలలో ఏ దిక్కుకు తిరుగుతుందో, ఏ పక్షి ఎప్పుడు వస్తుందో కొన్నాళ్లు రాసి పెట్టుకో. పాపచేత రాయించు, నీ కంటే ముందు దానికే పట్టుబడుతుంది.

ఇరుగుపొరుగు గడప దాటకపోవడం గురించి బాధపడకు. నాలుగేళ్లకోసారి వచ్చి వెళ్లిపోయేవారిని వాళ్లు చాలామందిని చూసి ఉంటారు. ప్రేమించిన పిల్లలు ఓడెక్కి పోవడం వాళ్లకూ కష్టమే. నువ్వే ముందు సాయం అడుగు. ఇచ్చేవారి చేయి పైన ఉంటుంది కాబట్టి, వాళ్లకు ఇచ్చే అవకాశం కల్పించడం మర్యాద. నీటి గురించి, చేపల గురించి, తీరంలో ఎక్కడ నడవకూడదో అడుగు. ఇండోనేసియాలోని సిమెయులువె దీవివారికి 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకం ‘స్మోంగ్’ అనే మాటలో, పాటల్లో నిలిచింది. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కాలని తాతలు మనవలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న సుమారు 78 వేల మంది ఉన్న ఆ దీవిలో పోయినవారు ఏడుగురు. అలాంటి మాట మీ దీవిలోనూ ఏదో ఉంటుంది, అది అడిగినవారికే దొరుకుతుంది.

కొత్తతీరం

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఈ లోపు ఓడ పన్నెండు రోజులు ఆలస్యమైంది.

బావి నీరు తాగడం ఆ రోజే మానేశాము. మరుగుదొడ్డి గొయ్యిని బావికి దూరంగా ఒక మూలకు మార్చడానికి యజమాని ఒప్పుకున్నారు, పని జరుగుతోంది. స్థలం మాట మేము ఎత్తలేదు, ఆయనా మళ్లీ ఎత్తలేదు. నా భర్త తన పరిశోధన కేంద్రం నుంచి నీటి విద్యుత్ వాహకత కొలిచే చిన్న పరికరం తెచ్చారు; ఉప్పు ఎంత ఎక్కువైతే అందులో అంకె అంత పెరుగుతుంది. మొదటి రోజు మా బావి 3,100 మైక్రోసీమెన్స్ చూపింది. పెద్ద మోటారు తీసేసి చిన్నది బిగించి, గొట్టం చివర పైకి జరిపిన నాలుగు వారాలకు అది 2,200కు దిగింది. మధ్యలో రెండు మంచి వానలు పడ్డాయి, కాబట్టి మోటారు ఒక్కదాని ఘనతే అని చెప్పలేను.

వానతొట్టి

చాలా సంతోషం. సముద్రపు నీరు సుమారు 50,000 చూపుతుంది కాబట్టి, మీ అంకెలో సముద్రం ఎంత కలిసిందో మీరే అంచనా వేసుకోవచ్చు. పసిఫిక్ దీవుల్లో 2,500 వరకు మంచినీటిగా లెక్కిస్తారు. గొయ్యి మార్చిన తర్వాత కూడా కొన్ని నెలలు ఆ నీరు తాగకండి. పెద్ద పోటుకు అలలు దిబ్బ దాటి లోపలికి వస్తే అంకె ఒక్కసారిగా లేస్తుంది, అప్పుడు భయపడి ఎక్కువ తోడవద్దు. వారానికొకసారి ఒకే వేళకు కొలిచి రాయండి.

కొత్తతీరం

అలాగే రాస్తున్నాము. వంటింటి గోడకు ఒక పుస్తకం వేలాడదీశాము. అందులో పాప రోజూ పోటు వేళ, వాన, గాలి దిక్కు రాస్తుంది, ఆదివారం ఉదయం బావి అంకె నేను రాస్తాను. తలుపు వెనుక కాగితం కూడా అంటించాము. రాత్రి లేపవలసిన పడవ మనిషి ఇంటికి ముగ్గురం కలిసి వెళ్లి, ఆయనకు మా సంగతి చెప్పి వచ్చాము. తిరుగుపడవ గారు చెప్పిన మాట మేమిద్దరం ఒక రాత్రి మాట్లాడుకున్నాము, అది నాకు అనుకున్నంత కష్టంగా లేదు.

పడమటిగాలి అమ్మా, మీరు చెప్పినట్టు అడిగాను. ఎదురింటి పెద్దావిడ దగ్గరకు వెళ్లి, పాటు వేళ దిబ్బ మీద ఎక్కడ అడుగు పెట్టవచ్చో చూపించమన్నాను. ఆమె ఏమీ మాట్లాడకుండా చెప్పులు తొడుక్కుని బయలుదేరారు. రెండు గంటలు పాప చేయి పట్టుకుని నడిపించారు. బతికి ఉన్న పగడం మీద కాలు వేయబోతే చేత్తో ఆపారు. ఆ రోజు కూడా మా గడప దాటలేదు, అరుగు మీదే కూర్చుని నీళ్లు తాగి వెళ్లారు.

నిన్న ఆదివారం తెల్లవారుజామున నేను బావి దగ్గర పరికరంతో ఉండగా ఆమె ఒక చిన్న సీసాలో తమ బావి నీరు పట్టుకుని వచ్చారు. అది 1,400 చూపింది. ఆమె ఆ అంకెను మా పుస్తకంలో తమ పేరు కింద రాయమన్నారు, తర్వాత లోపలికి వచ్చి, నేను సరిగ్గా రాశానో లేదో నిలబడి చూశారు.